అడిగింది వేసే టీవీ

నా చిన్నప్పుడు టీవీ పిల్లల మాట వినేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, నిజం. పెనుబల్లి దగ్గర మా ఊరికి కేబుల్ కనెక్షన్లు ఇచ్చినాయన ఆదివారం పొద్దున ఒక గంట మాకోసం వదిలేవాడు. ఫోన్ చేసి ఏ బొమ్మల కథ కావాలో, ఏ పాట కావాలో అడగాలి. ఆయన భార్య ఫోన్ ఎత్తి పేరు, ఊరు కనుక్కునేది. కాసేపటికి మనం అడిగింది తెర మీద ఉండేది. ఆమెను పిల్లలమంతా కేబుల్ అక్క అనేవాళ్లం. మాకు దేవుడి తర్వాత ఆమే. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, దేవుడికన్నా ఆమే తొందరగా పలికేది.

నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ కాన్పుకని ఖమ్మం దవాఖానాకు వెళ్లింది. నన్ను ఏన్కూరులో మా అత్త ఇంట్లో దింపారు. నన్ను మళ్లీ ఇంటికి తెచ్చేసరికి ఉయ్యాలలో తమ్ముడున్నాడు, అమ్మ లేదు. అమ్మేదని అడిగితే నాయనమ్మ, "ఇంకా దవాఖానల్నే ఉంది బిడ్డా, పానం కుదుటపడంగనె వస్తది" అనేది. ఆ మాట చెవిన పడితే చాలు, మా నాన్న చెప్పులేసుకొని మిరపచేనుకు పోయేవాడు. నేను రోజూ సాయంత్రం బస్సు ఆగేచోట నిలబడేదాన్ని. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సు మీద ఆశ సన్నగిల్లాక నాకు టీవీ గుర్తొచ్చింది. అడిగింది వేస్తారు కదా! ఆ ఆదివారం కిరాణా కొట్టు కాయిన్ బాక్సు ఫోన్లో రూపాయి వేసి, "అక్కా, మా అమ్మను వెయ్యవా" అన్నాను. ఎవరి పిల్లవని అడిగితే నాన్న పేరు చెప్పాను. "వచ్చే ఆదివారం వేస్త బిడ్డా, నువ్వు టీవీ ముందర్నే కూసో" అంది. పాపం, నాకంతా తెలుసుననీ, అమ్మను ఒక్కసారి చూసుకోవాలని అడుగుతున్నాననీ ఆమె అనుకుంది.

చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆమె భర్తే వీడియో తీసేవాడు. వారమంతా ఆ క్యాసెట్లన్నీ తిరగేసిందట. అన్నట్టే తరువాతి ఆదివారం బొమ్మల కథ అయిపోయి, మా చిన్నత్త పెళ్లి భోజనాలు వచ్చాయి. బంతిలో మా అమ్మ పప్పు వడ్డిస్తోంది. నెమలికంఠం రంగు చీర, కొంగు నడుముకు దోపుకొని, వీపు మావైపు పెట్టి, ఒక్కొక్క విస్తరి దగ్గరా వంగుతూ ముందుకు పోతోంది. నాయనమ్మ తమ్ముణ్ణి ఎత్తుకొని గబగబా పెరట్లోకి వెళ్లిపోయింది. నేను తెరకు ముక్కు ఆనించి నిలబడ్డాను. అమ్మ బంతి చివరిదాకా వెళ్లింది. ఒక్కసారీ ఇటు చూడలేదు.

పరుగున వెళ్లి మళ్లీ ఫోన్ చేశాను.

"అక్కా, మా అమ్మను ఇటు తిరగమని చెప్పు. నేను ఈడున్నా అని చెప్పు."

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు నాకు వినపడింది. "మీ నాన్న చెప్పలేదా బిడ్డా?" అంది. లేదన్నాను. ఆమె కూడా ఏదో ఒక అబద్ధమాడి ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టలేదు.

"అది ఎప్పుడో తీసిన క్యాసెట్ తల్లీ. మీ అమ్మ దవాఖానల లేదు. తమ్ముడు పుట్టిన దినమే చచ్చిపోయింది. ఇగ రాదు. నేను ఎంత తిప్పినా ఇటు తిరగదు. నువ్వు ఆడనే ఉండు, నేనొస్తున్న."

నేను నమ్మలేదు. అబద్ధాలకోరువి అని అరిచాను. కొట్టు అరుగు మీద కూర్చొని ఏడుస్తుంటే ఆమె లూనా బండి మీద వచ్చింది. ఆ పూట పిల్లలు ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తే దిక్కు లేదట. నన్ను చంకనెత్తుకొని ఇంటికి తెచ్చింది. చేను నుంచి వచ్చిన నాన్నతో, "నేనే చెప్పిన అన్నా. తిడితే నన్ను తిట్టు" అంది.

నాన్న తిట్టలేదు. గడప మీద కూలబడి, నన్ను దగ్గరికి లాక్కొని భోరున ఏడ్చాడు. అంతకుముందు ఆయన కంట్లో నీళ్లు నేను చూడలేదు. పొద్దు వాలేదాకా అక్క మా పక్కనే కూర్చుంది. ఊరుకోమని ఒక్కసారి కూడా అనలేదు.

పోయినేడు మా నాన్న కాలం చేశాడు. ఇంటి ముందు పడుకోబెట్టిన ఆయన్ను చూసి, మా తమ్ముడి కూతురు "తాత ఎప్పుడు లేస్తడు అత్తా" అని అడిగింది. పక్కనున్నావిడ "నిద్రపోతుండులే" అనబోతే చెయ్యెత్తి ఆపాను.

"లేవడు బిడ్డా. తాత చచ్చిపోయిండు" అన్నాను.

"అబద్ధం" అని నన్ను రెండు చేతులతో కొట్టింది. కొట్టించుకున్నాను. అది అలిసిపోయి నా ఒళ్లో పడి ఏడ్చేదాకా అక్కడినుంచి కదలలేదు.