ఇంజినీరుగారింటి అమ్మగారికి ఉంచిన చీర

ఆ రోజుల్లో పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడమే ఎక్కువ. ఇక 'అండీ' అనే మొగుణ్ణి రాజమండ్రి మొత్తంలో నేనైతే చూడలేదు. మావారి బట్టల కొట్టుకి పదేళ్ల ఆడపిల్ల వచ్చినా "రండమ్మా, కూర్చోండమ్మా" అనేవారు. ఆ నోరే ఇంటికొచ్చేసరికి "ఏమేవ్" అనేది. (నలుగురు పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషిని, ఒక్క 'అండీ' కోసం మనసు పీకుతోందని ఎవరితో చెప్పుకుంటాను?)

కొట్లో ఫోను పెట్టించిన ఏడాదే మా ఇంటిగలావిడకీ ఫోను వచ్చింది. ఆవిణ్ణి పిన్నిగారనేవాళ్లం. "నంబరు తిప్పి చూడవే, నీ మొగుడు బేరాలు ఎలా మాట్లాడతాడో విందాం" అని ఆవిడే ఎగదోసింది. రెండు వేళ్లతో ముక్కు నొక్కుకుని, కొంగు అడ్డం పెట్టి, "నేను ఇంజినీరుగారి భార్యను. ఉప్పాడ చీరలున్నాయా?" అన్నాను. "ఉన్నాయండి అమ్మగారూ! తమరు సెలవివ్వండి, ఏ రంగు తీయించమంటారు?" తమరట! పిన్నిగారు నోట్లో కొంగు కుక్కుకుంది. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. నోటికొచ్చిన రంగు చెప్పాను, వంకాయ రంగుకి ఆవపచ్చ అంచు అని. అలాంటిదే ఒకటుందనీ, తీసి పక్కన పెడతాననీ అన్నారు. ఇక వారానికి రెండుసార్లు అదే పని. "ఇంకా ఉంచారా?" "ఉంచానండి." "ఎండలు తగ్గాక వస్తాను." "తమ చిత్తమండి." ఆ నాలుగు మాటలూ మూటగట్టుకుని ఇంటికొచ్చి పులుసు పెట్టుకునేదాన్ని. (ఫోను బిల్లు పిన్నిగారిది కనకే ఇంత ధారాళం.)

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం మావారు పప్పన్నం కలుపుకుంటూ, "ఏమేవ్, కొవ్వూరు పెళ్లివాళ్లు ఒక వంకాయ రంగు చీర కావాలని పట్టుబట్టారు. ఇంజినీరుగారింటి అమ్మగారికి మాటిచ్చానని ఇవ్వలేదు. రేపు మళ్లీ వస్తారట. మాట మాటే" అన్నారు. లేని అమ్మగారి కోసం ఉన్న బేరం పోవడమా!

మర్నాడు కొట్టు తెరిచే వేళకే పిన్నిగారింటికి పరిగెత్తి, ముక్కు నొక్కుకుని, "ఆ చీర మాకొద్దు. ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాను. "పర్లేదండి అమ్మగారూ. మా ఇంట్లో ఆవిడకి పట్టుకెళతానండి. కొట్టు మాదే అయినా ఇన్నేళ్లలో ఒక్క మంచి చీర అడిగి ఎరగదండి." ఆవిడా! ఆ మాటకి నా వేళ్లు ముక్కు మీంచి జారిపోయాయి. మరొకతె అయితే కళ్లొత్తుకునేది. నా పాడుబుద్ధి మాత్రం సొంత గొంతుతోనే కేకేసింది: "ఏవండీ, దానికెందుకు అంత చీర, దండగ! పెళ్లివాళ్లకి అమ్మేయండి!"

అవతల గజంబద్ద కింద పడ్డ చప్పుడైంది. తరవాత, "ఏమేవ్! పొయ్యి మీద ఏం పెట్టి వచ్చావ్?"

(పాలు. పొంగిపోయాయి.)

పెళ్లివాళ్లని వేరే చీరకి ఒప్పించి, సాయంత్రం దాన్ని ఇంటికే తెచ్చారు. "తమరు సెలవిచ్చిన రంగేనండి" అన్నారు గుమ్మంలోంచే, వీధి వీధంతా వినేటట్టు. సిగ్గుతో తలుపు చాటుకి పోయాను, తిట్టడం కూడా మరిచిపోయి. ఆ తరవాత ఎన్నిసార్లు ఫోను చేసినా "ఏమేవ్, చెప్పు" అనేవారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అగ్గిపుల్ల కూడా చూసి గీసినదాన్ని, ఆ ఒక్క పూట నోరు కాస్త పొదుపు చేసుకుని ఉంటే, ఇంకో నెల హాయిగా అండీ అనిపించుకునేదాన్ని కదా!