ఆ మాట అంటే ఆగిపోయే సిస్టమ్

దయ్యాల్ని నేను నమ్మను. కంటితో చూడని, చేత్తో పట్టుకోని సరుకుని నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. మా నాన్నది ఎర్రగడ్డలో కిరాణా కొట్టు, దాని పక్కనే మా బాబాయిది స్టీలు సామాన్ల కొట్టు. కొబ్బరికాయని కూడా చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్ళ చప్పుడు విని గానీ కొనని మనుషులం. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే, ఎంతకీ లెక్క తేలక, విసిగిపోయి రాస్తున్నానన్నమాట.

నేను కృష్ణానగర్‌లో కిరాయికుంటూ సినిమాలకి ఎడిటింగ్ చేస్తాను. ఫిల్మ్‌నగర్‌లో అద్దాల ఆఫీసులూ ఏసీ గదులూ ఉన్నవాళ్ళ సినిమాలు నా దాకా రావు. చిన్న సినిమాలు, అదీ ముందు ఒప్పుకున్న ఎడిటర్ మధ్యలో వదిలేసినవి వస్తాయి.

వాటికోసం ఒక సిస్టమ్ కట్టుకున్నాను. కట్టుకున్నాను అనే అనాలి, కొన్నది కాదు. రెడీమేడ్ కొనేవాడు అమాయకుడని నా గట్టి నమ్మకం. ర్యామ్ ఒకచోట, మదర్‌బోర్డు ఇంకోచోట, గ్రాఫిక్స్ కార్డు ఎవరో వాడి అమ్ముకున్నది, అన్నీ బేరమాడి తెచ్చి నేనే బిగించాను. క్యాబినెట్ మీద గీత ఉందని చెప్పి ధర తగ్గించుకున్నాను. ఆ గీత నేనే గీశానేమోనని ఆ కొట్టాయనకి ఇప్పటికీ అనుమానం.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది. పని చేస్తూ ఉంటే ఉన్నట్టుండి తెర నల్లబడేది. ఫ్యాన్లు ఆగిపోయేవి. గుక్క తిప్పుకున్నట్టు కాసేపుండి, ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ ఆన్ అయ్యేది. పొగ లేదు, వాసన లేదు, తెర మీద తప్పు చూపించే మాట ఒక్కటీ లేదు.

బేరమాడి కొన్నవాడికి ముందు తన మీదే అనుమానం వస్తుంది. చవగ్గా వచ్చిందే పాడై ఉంటుందనుకున్నాను. కరెంటు సప్లై చేసే ఎస్.ఎం.పి.ఎస్. మార్చాను. ర్యామ్ కడ్డీలు ఒకటి తీసి ఒకటి పెట్టి చూశాను. ప్రాసెసర్ మీద పాత పేస్టు గోకి కొత్తది రాశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించాను, ప్లగ్ బోర్డు మార్చాను. విండోస్ మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించాను. మార్చిన ప్రతిసారీ ఒక పూట బాగుండేది. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి. మర్నాడు మళ్ళీ నల్ల తెర.

చివరికి క్యాబినెట్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని షేక్‌పేటలో మా దోస్తు మహేశ్ దుకాణానికి తీసుకెళ్ళాను. వాడికి కంప్యూటర్ల రిపేరే జీవనం. రోజంతా దాన్ని పెద్ద పెద్ద టెస్టులతో కాల్చుకు తిన్నాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"దీనికేం బీమారి లేదన్నా. నీ మొహం చూస్తేనే జ్వరం వస్తున్నట్టుంది దానికి" అన్నాడు.

ఇంటికి తెచ్చి పెట్టిన సాయంత్రమే ఆగిపోయింది.

అప్పుడు నా చేతిలో ఉన్న సినిమాలో ఒక షాట్ ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు మా పక్క పోర్షన్ వాళ్ళ గురించి చెప్పాలి. దానియేలు గారు, మార్తమ్మ గారు. గుంటూరు వైపు నుంచి వయసులో ఉన్నప్పుడే వచ్చేశారు. ఆవిడ కాస్ట్యూమ్స్ వాళ్ళకి కుట్టుపని చేస్తుంది. ఆయన జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్ళిళ్ళలో అక్షింతలు వేస్తూ, సినిమా కోర్టుల్లో వెనక బెంచీలో కూర్చుని జీవితమంతా గడిపాడు. "నేను వెళ్ళినన్ని పెళ్ళిళ్ళకి పురోహితుడు కూడా వెళ్ళుండడు శీనూ, ఒక్కచోట కూడా భోజనం వేడిగా పెట్టలేదు" అనేవాడు.

ఆయనకి మొదటిసారి డైలాగ్ దొరికింది ఈ సినిమాలోనే. గేటు దగ్గర వాచ్‌మన్ వేషం. హీరో లోపలికి వెళ్ళాలా వద్దా అని నిలబడిపోతే, "లోపలికెళ్ళు బాబూ. నీకోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తా ఉంటారు" అనాలి. అంతే. షూటింగ్ అయిన కొన్నాళ్ళకే ఆయన గుండె ఆగి పోయాడు. మార్తమ్మ గారు పాస్టర్ గారితో సహా చర్చిలో అందరికీ చెప్పేసింది, మా ఆయన మాట్లాడతాడు, అందరం కలిసి వెళ్దామని. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క షాటే. అది నా టైమ్‌లైన్ మీద ఉంది.

సినిమా నిడివి ఎక్కువైంది. డైరెక్టర్ రోజూ ఫోన్ చేసి ఏది తీసేయాలో చెప్పేవాడు. నేను స్పీకర్ ఆన్ చేసి, చేతులు కీబోర్డు మీద పెట్టి వినేవాణ్ణి. ఒక మధ్యాహ్నం అన్నాడు:

"శీనూ, ఆ గేటు దగ్గర ముసలాయన్ని లేపేయ్."

తెర నల్లబడింది. విసుగ్గా తల తిప్పితే గుమ్మంలో మార్తమ్మ గారు. మా ఆవిడ కుట్టడానికిస్తానన్న జాకెట్టు ముక్క కోసం వచ్చినట్టుంది. గబుక్కున ఫోన్ కట్ చేశాను.

"ఎవర్ని లేపుతున్నారు బాబూ, మా ఆయన్నేనా?" అంది.

"అంటే... అది కాదాంటీ..."

"పొద్దున్నే షూటింగుకి లేపాలంటే నా తలప్రాణం తోకకొచ్చేది. నీళ్ళు చల్లినా లేచేవాడు కాదు. ఇక మీవల్ల ఏమవుద్ది లెండి" అని నవ్వి వెళ్ళిపోయింది.

అన్నేళ్ళు సినిమావాడితో కాపురం చేసిన మనిషి. మా వాళ్ళ భాషలో లేపేయడమంటే తీసి పారేయడమని ఆవిడకి తెలియకపోతుందా? కానీ అదే మాట ప్రతి ఆదివారం ప్రార్థనలో గోడ ఇవతలికి వినపడేది, మృతులలో నుండి లేపెను అని. ఒకటే మాట. మాకొకటి, ఆవిడకొకటి. ఆవిడ ఏ అర్థంలో నవ్విందో నేను అడగలేదు.

ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించాను. సిస్టమ్ ఎప్పుడెప్పుడు ఆగిందో గుర్తుచేసుకుంటే, దాదాపు ప్రతిసారీ స్పీకర్‌లో డైరెక్టర్ ఉన్నాడు. పాటలో ఆ బిట్ లేపేయ్, ఫైట్‌లో ఆ కిక్ లేపేయ్. మహేశ్ దుకాణంలో ఆ మాట అనేవాళ్ళు లేరు.

చదువుకున్నవాడెవడూ ఇలా ఆలోచించడు. కొట్లో పెరిగినవాడు ఆలోచిస్తాడు. మా ఇంట్లో బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. కొట్టు మూసేశామనరు, కట్టేశామంటారు. దీపం ఆర్పమనరు, కొండెక్కించమంటారు. చిన్నప్పుడు నోరు జారితే మా నాయనమ్మ నెత్తిన మొట్టేది. ఇదంతా చాదస్తమని నవ్వుకుంటూనే పెరిగాను.

మర్నాడు పట్టపగలు, తలుపులన్నీ తీసిపెట్టి, సిస్టమ్ ముందు కూర్చున్నాను. తీసేస్తా అన్నాను. ఏం కాలేదు. కట్ చేస్తా, డిలీట్ కొడతా, ఏం కాలేదు. లేపేస్తా అన్నాను. నల్లబడింది. ఆన్ అయ్యాక మళ్ళీ అన్నాను. మళ్ళీ అంతే. ఒకసారి మాత్రం ఆ మాట అన్నా కూడా ఆగలేదు, అదీ చెప్పాలి. అంతకుముందు ఎవరూ ఏమీ అనకుండా ఆగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఇది రుజువు అని నేను అనను.

మహేశ్‌ని పిలిపించాను. వాడు పడీ పడీ నవ్వాడు. మైకు ఏమైనా పెట్టావా అని వైర్లన్నీ వెతికాడు. నా సిస్టమ్‌కి మైకే లేదు. తర్వాత మానిటర్ మీద చెయ్యేసి, "లేపేయ్ బే, ఏమైతదో చూద్దాం" అన్నాడు.

అది ఆగిపోయింది. వాడు నవ్వడం ఆపాడు. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, "గిరాకీ ఎదురు చూస్తున్నరన్నా" అని బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి, "కార్డు మార్చు. గా పాత కార్డే ఖరాబైంది" అన్నాడు. నా మొహం మాత్రం చూడలేదు.

కార్డు మార్చే ఓపిక నాకు లేదు. నోరు మూసుకుని ఆ షాట్ తీసేస్తే సరిపోయేది. మాట అనకపోతే సిస్టమ్‌కేం ఇబ్బంది లేదు కదా. మౌస్ మీద చెయ్యి కూడా పెట్టాను. పక్క పోర్షన్‌లో కుట్టుమిషను నడుస్తోంది. తీయలేకపోయాను.

డైరెక్టర్‌తో బేరానికి దిగాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. హీరోయిన్ జుట్టు ఎగిరే స్లో మోషన్ కుదించాను. దుర్గం చెరువు మీద డ్రోన్ షాట్ సగం చేశాను. ఇన్ని సెకన్లు మిగిల్చాను, ఆ ముసలాయన్ని ఉంచండన్నాను.

"ఏం, నీ చుట్టమా?" అన్నాడు.

"పక్కింటాయన సార్."

"సరే, మొదటి ముక్క ఉంచు. రెండోది వద్దు, ల్యాగ్ అవుతుంది."

అంతకన్నా లాగలేకపోయాను. లోపలికెళ్ళు బాబూ అన్నది మిగిలింది.

సినిమా వచ్చింది. మార్తమ్మ గారు చర్చివాళ్ళతో ఒక వరస మొత్తం నింపుకుని చూసొచ్చింది. నేను ఇంట్లోనే ఉండిపోయాను. సాయంత్రం తలుపు దగ్గర నిలబడింది.

"రెండో ముక్క ఏది బాబూ? ఎవరో ఒకరు ఎదురుచూస్తా ఉంటారనేది? అద్దం ముందు నిలబడి నా చెవులు చిల్లులు పడేలా చెప్పుకున్నాడు. మాట పూర్తవకుండానే వేరే సీనుకి తిప్పేశారే?"

నిడివి గురించి ఏదో చెప్పాను. నాకే నచ్చలేదు. ఆవిణ్ణి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అసలు ఫుటేజ్ మొత్తం పెట్టాను. క్లాప్ కొట్టక ముందు నుంచీ ఉంది. ఆయన టోపీ సర్దుకుంటాడు. పెదాలు కదుపుతూ డైలాగ్ మననం చేసుకుంటాడు. తర్వాత చెబుతాడు, రెండు ముక్కలూ. కట్ అన్నాక, బాగా వచ్చిందా అన్నట్టు కెమెరా వైపు చూస్తాడు.

ఆవిడ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లు చూసిందో లెక్క పెట్టలేదు. సిస్టమ్ ఒక్కసారి కూడా తడబడలేదు.

చివరికి ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, తెర వైపే చూస్తూ, "చాల్లే, ఇక పడుకో" అంది.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగాయి. దానంతటదే ఆన్ అవుతుందని, అలవాటు కొద్దీ, ఎదురు చూశాను. అవలేదు. ఆవిడ లేచి, కుర్చీ గోడ వారగా జరిపి, ఇంటికి వెళ్ళింది.

మర్నాడు బటన్ నొక్కి నేనే ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మధ్యలో ఆగలేదు. అదే పాత కార్డు, అదే బోర్డు. డైరెక్టర్లు ఫోన్‌లో అది లేపేయ్, ఇది లేపేయ్ అంటూనే ఉన్నారు. దానికి పట్టడం లేదు.

లోపల ఏదో వదులుగా ఉన్న వైరు బిగుసుకుని ఉంటుందంటాడు మహేశ్. అయ్యుండొచ్చు. ఏ వైరో చూపించమంటే మాత్రం, క్యాబినెట్ మూత తెరవడానికి వాడు రావడం లేదు. నేనూ తెరవలేదు.