చివరి భాగానికి రెండు టికెట్లు

ఆ మాంత్రికుల సినిమా మొదటి భాగం వచ్చినప్పుడు మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. అప్పటి నుంచి ప్రతి భాగాన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లో తెలుగు డబ్బింగులో మేమిద్దరమే చూసేవాళ్లం. ముసలి మాంత్రికుడు ఆపదలో పడితే చాలు, నా భుజంలో ముఖం దాచుకునేది.

"ఆయనకేం కాదు బిడ్డా" అనేవాణ్ని. నిజంగానే ఏమీ అయ్యేది కాదు.

ఆఖరి భాగం వచ్చేసరికి తను ఇంటర్‌కొచ్చింది, చైతన్యపురిలో కోచింగ్. ఆదివారం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి సినిమాకు వెళ్లాం.

తెర మీద ముసలాయన ఏదో జోకేస్తే హాలంతా నవ్వింది. పక్కకు చూస్తే మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు డాడీ. నువ్వు సినిమా చూడు."

ఆ తర్వాతి సీన్లోనే ముసలాయన చనిపోయాడు. అలవాటుగా నా భుజం తన వైపు వంచాను. తను అప్పటికే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కోచింగ్ స్నేహితులతో ముందే చూసేసిందని, నా కోసమే మళ్లీ వచ్చిందని అప్పుడర్థమైంది.

బయటికొచ్చాక "ఎట్లుంది డాడీ?" అంది.

"మంచిగుంది" అన్నాను.

ఆ ముసలాయన పోతాడని తెలియక తను ఉలిక్కిపడ్డప్పుడు, పక్క సీట్లో నేను లేను. ఇన్నేళ్లూ నేను టికెట్టు కొన్నది ఆ సీటుకే.