టీవీ ఆపిన గానీ డేటా ఆగలే

మేడ్చల్‌ల కిరాణం దుకాణంలనే పెరిగినోణ్ణి. బేరమాడందే ఉప్పు పాకెట్ కూడా కొనను. ఇంటి ఇంటర్నెట్‌కూ బేరమాడి, డేటా తక్కువుండే ప్లానే తీసుకున్న. అమ్మ సీరియల్ అయిపోంగనే రిమోట్‌తో టీవీ ఆపి, డేటా మిగిలిందని మురిసేటోణ్ణి.

మొన్న బిడ్డకు ఆన్‌లైన్‌ల ఉద్యోగం ఇంటర్వ్యూ. మూడో ప్రశ్నకే తెర ఆగిపోయింది. "నాయినా, డేటా ఖతమైంది!" అని ఏడ్చింది. నేను ఆపింది టీవీనే. దానికి తగిలించిన ఇంటర్నెట్ బాక్స్ మాత్రం దినమంతా సీరియళ్లు నడిపిస్తనే ఉందట! నా ఫోన్‌ల అగ్గువ ప్యాక్ కూడా అయిపోయింది.

చెప్పుల్లేకుండ ఉరికి పక్కింటి సలీం భాయ్ తలుపు బాదిన. పోయిన నెల వాళ్లింట్ల నెట్ ఆగిపోయి ఆయన మా వైఫై అడిగితే "ఊకెనే ఎట్లిస్తం భాయ్?" అన్నోణ్ణి నేనే. "ఎంతియ్యమంటే అంతిస్త భాయ్, జర మీ వైఫై కావాలె" అన్న.

"బేరం తర్వాత సేటూ, ముందు బిడ్డను జల్దీ తోల్కరా" అన్నడాయన.

వాళ్లింట్లనే ఇంటర్వ్యూ పూర్తయింది, ఉద్యోగమొచ్చింది. సలీం భాయ్‌కి మిఠాయి కొన్నప్పుడు, బుద్ధెరిగినంక మొదటిసారి బేరమాడలే.