పాయింటు తరవాతి అంకె

ఒకప్పటి మా పక్కింటి మామ పోయాడని ఉదయం ఆయన భార్య, మా అత్త ఫోన్ చేసింది. ద్వారకా నగర్‌లో ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది. ఆ సిగ్గుకు కారణం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మామ అని పిలవడమే గానీ చుట్టరికం లేదు. సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. నాకు ఈత నేర్పింది ఆయనే. పడవ దించే ముందు తడి ఇసుకలో నిలబడి చాలాసేపు నీళ్లకేసి చూసేవాడు. "తొందరపడితే సంద్రం ఊరుకోదల్లుడా" అనేవాడు.

వెబ్ ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకున్న రోజుల్లో మా ఒడ్డువాళ్ల కోసం అలల ఎత్తు మీటర్లలో చూపించే పేజీ ఒకటి చేశాను. దశాంశాలు ఫోన్‌లో చూడ్డానికి బాగాలేవనిపించింది. వాటిని దగ్గరి పూర్ణసంఖ్యకు మార్చేలా కోడ్‌లో ఒక్క మాట రాశాను. మామ మురిసిపోయి ఆ పేజీ అందరికీ చూపించాడు.

అల మీటరు దాటితే ఆయన తన చిన్న పడవ దించడు. ఒక రోజు నా పేజీ ఒకటి అంటే దించాడు. అసలు అంకె ఒకటీ పాయింట్ నాలుగు. తిరిగొస్తుంటే ఒడ్డు దగ్గర పడవ తిరగబడింది. కుడి భుజం విరిగింది. మళ్లీ వేటకు వెళ్లలేకపోయాడు.

ఆసుపత్రిలో తోటివాళ్లు అడిగారు. "ఫోన్ సూసే ఎల్లేవా బావా?"

"ఫోనేటి? నాను సూడ్నేదు. నా కళ్లే మోసపోనాయి" అన్నాడు మామ. పక్కనే ఉన్న నేను నా ఫోన్ జేబులోకి తోసేశాను.

వాళ్లు వెళ్లాక మెల్లగా అడిగాడు. "అల్లుడా, అందులో సగం అల ఉండదేటి?"

ఆ సాయంత్రమే కోడ్ మార్చి దశాంశాన్ని ఉన్నదున్నట్టు ఉంచాను. క్షమాపణ మాత్రం అడగలేదు. తరవాత ఆయన రోజూ ఒడ్డున కూర్చుని, కుర్రాళ్లకు నా పేజీలోని అల ఎత్తు పాయింటుతో సహా గట్టిగా చదివి వినిపించేవాడు. అది వినలేకే నేను పెందుర్తికి ఇల్లు మారాను. దూరమైంది, ఒడ్డుకు రాలేకపోతున్నానని అందరితో అబద్ధం చెప్పాను.

పెద్దకర్మ అయిన మర్నాడు వెళ్లాను. అత్త డాబా మీద చేపలు ఎండబెడుతోంది.

"అత్తా, ఆ రోజు మామ నా పేజీ చూసే వెళ్లాడు. తప్పు నాది."

ఆమె తలెత్తలేదు. "తెల్సు నాయనా. ఇంటికొచ్చిన రోజే సెప్పేడు. నీతో అనొద్దన్నాడు, పిల్లోడు బెదిరిపోతాడని."

ఆమె పక్కన కూర్చున్నాను.  అత్త ఒక్కొక్క చేపనూ తీసి, ఎండ తగలని వైపు పైకి తిప్పి పెడుతూ ఉంది.