చిటికెడు తంబాకు

రేణుకమ్మ నోరు మూతపడిందంటే వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. నమ్మేలా ఉంటే కదా! బోధన్‌లో ఆ వాడ ఆడవాళ్లంతా ఈరవ్వ ఇంటి వరండాలో, చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. ఆకు కత్తిరించే చేతులు ఎంత ఆడేవో, రేణుకమ్మ నోరు అంతకు రెట్టింపు ఆడేది. ఏ ఇంట్లో అత్తది తప్పో, ఏ ఇంట్లో కోడలిది తప్పో తేల్చేది ఆమే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్న బలగమంతా ఆ వరండానే.

కిందటేడు ఆమె కుడి బుగ్గ లోపల తెల్లటి మచ్చ లేచింది. మండితే పంటినొప్పి అనుకుంది. పంటినొప్పికి వాళ్లందరికీ తెలిసిన మందు ఒక్కటే, ఎప్పుడూ చాటలో చేతికందేది. బీడీల్లో నింపే తంబాకు చిటికెడు బుగ్గన పెట్టుకుంటే అక్కడంతా మొద్దుబారిపోతుంది. రేణుకమ్మ అప్పటికే ఏళ్ల తరబడి పెట్టుకుంటోంది. పక్కవాళ్ల పన్ను సలిపినా తనే పెట్టేది. ఒకసారి ఈరవ్వ నొప్పికి ఏడుస్తుంటే దవడ పట్టుకుని, నోరు తెరిపించి మరీ పెట్టింది. అంత ప్రేమ మరి.

మచ్చ పుండైంది. పుండు వాసన వేసింది. ఒకరోజు పక్కనున్న తిరుపతమ్మ తన చాట కొంచెం అవతలికి జరుపుకుంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి రేణుకమ్మే పోవడం మానేసి, ఇంట్లో తలుపేసుకుని చుట్టుకుంది. బీడీల పని త్వరగానే అయిపోయేది, పొద్దు మాత్రం గడిచేది కాదు. గోడ అవతల నవ్వులు వినిపిస్తే తన గురించేనేమో అని కుమిలిపోయేది. తన గురించి కాకపోతే ఇంకా కుమిలిపోయేది.

చివరికి ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోయేసరికి ఒక్కతే బస్సెక్కి నిజామాబాద్ దవాఖానకు పోయింది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టర్ శృతి ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద గులాబీ రంగు చుక్కలు చూపించింది.

“బుగ్గన పెట్టిన తంబాకుతోని క్యాన్సర్ వచ్చిందమ్మా. ఇవి నీ బుగ్గలోని కణాలు. మంచి కణం పక్క కణాన్ని పట్టుకుని ఉంటది. చోటు నిండిందంటే పెరగడం ఆపేస్తది. ఇవి ఆ పట్టు వదిలేసినయ్. ఆగకుండా పెరుగుతున్నయ్, లోపలికి పోతున్నయ్.”

“మరి సుట్టున్నయ్ ఊకుంటున్నయా?”

“ఊకుంటే బాగుండు. గాయాలు మాన్పే కణాలు కొన్ని ఉంటయ్. అవి దీన్ని కూడా గాయమే అనుకున్నయ్. దారి చేస్తున్నయ్, రక్తం అందేటట్టు చూస్తున్నయ్. అందుకే పుండొక్కటే తీస్తే సరిపోదు. చుట్టూ మంచిగ కనపడేది కూడా కొంత కోయాలె.”

రేణుకమ్మకు నవ్వొచ్చింది. నవ్వడానికి నోరు రాలేదు.

“నా పక్కపొంటి ఉన్నోళ్లు జరిగిపోయిండ్రు బిడ్డా. దీని పక్కపొంటోళ్లు దీనికి బువ్వ పెడుతుండ్రు.”

డాక్టరమ్మ చీటీ మీద తేదీ రాసిచ్చింది. తర్వాత మెల్లగా అంది. “సోమవారం రా. తోడు ఒకరిని తీసుకురా. ఆపరేషన్ అయినంక కొన్నాళ్లు మాట్లాడలేవు. పక్కన మనిషి లేకపోతే కష్టం.”

కోతకు ఆమె భయపడలేదు. తోడు అన్న ఆ ఒక్క మాటకే భయపడింది. బస్సు చెరుకు తోటల మధ్య పోతున్నంతసేపూ తోడు వచ్చేదెవరా అని వెతుక్కుంది. ఎంత వెతికినా ఆలోచన ఆ వరండా దగ్గరికే వచ్చి ఆగింది.

ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే నడిచింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్టు దగ్గర నిలబడితే, కత్తెరలన్నీ ఆగాయి.

“అక్కా, గిన్నిరోజులకు యాదికొచ్చినమా?” అంది ఈరవ్వ. “నువ్వొస్తవని రోజూ సూస్తున్న.”

“సోమారం దవాఖానల ఉండాలె. ఒకలు తోడు...” అని మొదలుపెట్టిన రేణుకమ్మ సగంలోనే ఆగిపోయింది. ఈరవ్వ వేళ్లు అలవాటుగా చాటలోంచి చిటికెడు తంబాకు తీసి బుగ్గన దోపుకున్నాయి.

రేణుకమ్మ మెట్టెక్కి ఆమె ఎదురుగా కూలబడింది. “నోరు తెరువు.”

“ఏందక్కా గిది?”

“తెరువు ఈరవ్వా.”

ఈరవ్వ నవ్వుతూ తెరిచింది. బుగ్గ లోపల తెల్లటి మచ్చ. అచ్చం తనకు మొదట్లో లేచినట్టే.

“మస్తు రోజులాయె. కారం తింటే మండుతది. నువ్వు నేర్పిన మందే పెట్టుకుంటున్న గదా అక్కా.”

రేణుకమ్మ ఆ నోట్లో వేలు పెట్టి తంబాకు మొత్తం బయటికి తీసేసింది. మూతి మీది కొంగు ఎప్పుడో జారిపోయింది. ఇద్దరి మొహాలూ దగ్గరగా ఉన్నా ఈరవ్వ మొహం తిప్పుకోలేదు. అప్పుడు రేణుకమ్మకు ఏడుపు ఆగలేదు.

సోమవారం బస్సులో ఆమె పక్కన ఈరవ్వ కూర్చుంది. రేణుకమ్మ కోరుకున్నది తోడే కానీ, ఇలాంటి తోడు కాదు. దవాఖానలో చీటీలిచ్చే అమ్మాయి తలెత్తి ఇద్దరినీ చూసింది.

“పేషెంట్ ఎవరు? తోడొచ్చింది ఎవరు?”

రేణుకమ్మ ఈరవ్వ చెయ్యి వదలకుండానే ఆమెను ముందుకు జరిపింది.

“ముందుగాల దీని నోరు సూడుండ్రి.”