ఆగిపోయిన ప్రశ్న

కైకలూరు బస్సులో నా చేతిలోని కెమిస్ట్రీ పుస్తకం చూసి, పక్కసీటు ఇంటర్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"తాతగారూ, నీళ్లలోనే ఆక్సిజన్ ఉంది కదండీ. మరి మా చెరువులో చేపలు ఊపిరాడక ఎందుకు చచ్చిపోయాయండీ?"

"మీ మాస్టారిని అడగలేదా?"

"అడిగానండీ. పరీక్షలో రాదు, కూర్చోమన్నారు. క్లాసంతా నవ్వారండీ."

బడి మొహం చూడకుండా ఇవన్నీ చదువుకున్నవాణ్ణి, నాకు ఒళ్లు మండింది.

"నీరుగా మారిపోయిన ఆక్సిజన్ చేపకి అందదమ్మా. నీళ్లలో విడిగా కరిగి ఉన్నదే పీలుస్తుంది. మబ్బేస్తే అది తగ్గిపోతుంది."

ఆమె మొహం వెలిగింది. "మబ్బేస్తే ఎందుకండీ..." అనబోయి, "వద్దులెండి, ఎక్కువ అడిగేస్తున్నాను" అంటూ బస్సాగగానే దిగిపోయింది.

"అడుగమ్మా!" అని కిటికీలోంచి అరిచాను.

ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ ఇవ్వదన్న ఆ చిన్న జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.